రెండు నొప్పుల మధ్య

చిబాయిష్ చిత్తడి నేలల్లో, నీళ్ళ మధ్య రెల్లు ఇంట్లో నజ్లాకు నొప్పులు మొదలయ్యాయి. భర్త పడవ తేవడానికి పోయాడు. పక్కన అత్తగారు ఒక్కతే ఉంది.

“ఐదు నిమిషాలకోసారి నొప్పి వస్తే ఆసుపత్రికి బయల్దేరమంది నర్సు. ఫోను చూస్తే ఆగిపోయింది. నిమిషాలెలా తెలుస్తాయి అత్తా?”

“నా చేతుల్లేవూ? ఈ చేతి నాలుగు వేళ్ళకీ కలిపి పన్నెండు గనుపులు. బొటనవేలితో సెకనుకో గనుపు తాకుతా. పన్నెండు లెక్కపెట్టగానే రెండో చేతిలో ఒక వేలు ముడుస్తా. ఐదు వేళ్ళూ ముడిస్తే అరవై, అదే నిమిషం.”

“నీకెవరు నేర్పారు?”

“మా అమ్మ. వేల ఏళ్ళ కిందట ఇక్కడుండే సుమేరు వాళ్ళూ అరవైలతోనే లెక్కపెట్టేవారట. వాళ్ళ పాత ఊరు ఉర్‌లో తవ్వకాల పనికెళ్ళినప్పుడు మీ మామ విన్నాడు. గడియారంలో అరవై వాళ్ళదేనట. ఇక మాట్లాడకు, లెక్క తప్పుతుంది.”

నజ్లా పళ్ళు బిగబట్టి ఆ గనుపులనే చూసింది.

“మళ్ళీ వచ్చిందత్తా.”

“రెండు నిమిషాలే.”

“అయితే పడవ రాగానే ఎక్కుదామా?”

“పట్నానికి గంటన్నర. మధ్యలోనే కంటావు.”

“పోయినసారి పడవలోనే కదత్తా బిడ్డ పోయింది.”

“అందుకే ఈసారి ఇక్కడే కందువుగాని. నా చేతులకి వేరే పనుంది, లెక్క నువ్వు చూడు.”

నజ్లా బొటనవేలితో మొదలుపెట్టింది.

“ఎంతదాకా వచ్చావు?” అని చాలాసేపటికి అత్తగారు అడిగింది.

“ఏడుపు వినగానే మరిచిపోయానత్తా.”

“పోనీలే, ఇక లెక్కతో పన్లేదు. ఆడపిల్ల.”