బోరు నీళ్ళు

జ్యూస్ కొట్టు లైసెన్సు కోసం ఇంటి బోరు నీళ్ళు పరీక్షకిచ్చిన తమ్ముడు, ఫలితం తెలుసుకుని వచ్చి వంటింటి గడప మీదే చతికిలబడ్డాడు. అక్క భుజం మీద ఆమె పాప తోటకూర కాడలా వాలిపోయి ఉంది.

"ఏమన్నార్రా?"

"కొంప మునిగిందక్కా. నీళ్ళలో మురుగు కలుస్తోందట. లైసెన్సు ఇవ్వరట."

"అయ్యో, బోర్డు కూడా రాయించేశాం కదరా!"

"కంగారుపడకు. రేపు మంచినీళ్ళ బాటిల్ కొని, మన సీసాలో పోసి మళ్ళీ పరీక్షకిస్తాను. వాళ్ళేమైనా ఇంటికొచ్చి పట్టుకెళ్తారా?"

"మరి జ్యూసులో కలిపేది?"

"బోరు నీళ్ళే. ఇన్నాళ్ళూ ఇవే తాగి గుండ్రాళ్ళలా ఉన్నాం కదా!"

అక్క పాప వీపు నిమురుతూ ఉండిపోయింది.

"దీనికి విరేచనాలు తగ్గాయా?" తమ్ముడు మాట మార్చాడు.

"ఎక్కడ తగ్గాయి? పళ్ళొస్తున్నాయి, అందుకేనని నువ్వే అన్నావుగా."

"అందరూ అలాగే అంటారు కదా..."

"చిక్కటి పాలు అరగవని రోజూ నీళ్ళు కలిపి పడుతున్నాన్రా."

"కాచే కదా?"

"పాలు కాస్తాను. అవి చల్లారాక బోరు నీళ్ళు అలాగే కలుపుతాను."

తమ్ముడు తల దించుకున్నాడు.

"రేపు కొంటానన్న ఆ బాటిల్ ఇప్పుడే తీసుకురా," అంది అక్క. "పాపకి దాహమేస్తోంది."