అరచేతంత క్షమాపణ

అక్కకిద్దామని వడ్రంగి మేస్త్రీకి ఒక క్షమాపణ పురమాయించిన తమ్ముడు, తీరా తీసుకెళ్దామని వచ్చి కొట్టు ముందే కొయ్యబారిపోయాడు.

“ఇదేంటి మేస్త్రీ, బీరువా?”

“మీ క్షమాపణే సార్.”

“అరచేతంత చేయమన్నాను కదయ్యా! జేబులో వేసుకెళ్లి, అక్క చేతిలో పెట్టేసి వద్దామని.”

“నేనూ అరచేతంతే మొదలెట్టాను. చిత్రిక పడితే ఏ చెక్కయినా తగ్గుతుంది. ఇది పట్టేకొద్దీ పెరిగింది. ముప్ఫై ఏళ్లలో ఇలాంటిది చూళ్లేదు. ఇంతకీ తప్పేంటన్నారు?”

“చెప్పాగా. ఏదో మాట జారానని.”

“అదిగో!”

“ఏంటి?”

“మళ్లీ జానెడు లేచింది. నిజం చెప్పండి సార్, పైన రేకులున్నాయి.”

“అంటే... జారలేదు. దాచాను.”

“ఏం దాచారు?”

“ఎందుకులే ఇప్పుడు...”

“సార్, రేకులు తగులుతున్నాయి!”

“అమ్మకి మందు వెయ్యడం మర్చిపోయింది నేను! ఆ పూట వంతు నాది. అందరూ అక్కని తిడుతుంటే నోరు మూసుకుని కూచున్నా. పదకొండేళ్లు! చాలా?”

“హమ్మయ్య. ఆగింది.”

“ఆగితే సరా? ఇది అక్క గుమ్మంలో ఎలా పడుతుంది? సగానికి కోసెయ్.”

“కోస్తే దాన్ని క్షమాపణ అనరండీ. సాకు అంటారు. ఆ మూల బోలెడు పడున్నాయి, కావాలంటే ఊరికే పట్టుకెళ్లండి.”

“పోనీ నువ్వే వెళ్లి దింపేసి రారాదూ?”

“మీ బదులు నేను మోస్తే దీనికి బరువే ఉండదు సార్. దూది.”

“నాకు సిగ్గుగా ఉంది మేస్త్రీ. భయంగా కూడా ఉంది. గుమ్మంలో ఇరుక్కుంటే మొహం మీదే తలుపేసేస్తుంది.”

“ఇల్లెక్కడ?”

“నీళ్ల ట్యాంకు వెనక, రెండో సందు. ఆకుపచ్చ మెట్లు.”

“ఆకుపచ్చ మెట్లా? ఎడం చేతివాటం, మాట పెళుసు... ఆవిడా?”

“నీకెలా తెలుసు?”

“ఏటా పిలుస్తారు సార్, గుమ్మం ఇంకో మూరెడు వెడల్పు చెయ్యమని. ఎందుకమ్మా అంటే, ‘మా తమ్ముడు తెస్తాడు, ఎంత పెద్దదవుతుందో ఏమో’ అంటారు. ఇప్పుడా ఇంటికి ముందు గోడే లేదు.”