ఎవరి నాన్న కథ

కాపీనా? నేనా? మా నాన్న గొంతు పోతే, ఆ సంగతి నేను రాస్తే, అది కాపీ ఎలా అవుతుంది మేడమ్?

వద్దులెండి, కూర్చోను. కూర్చుంటే ఏడుపొస్తుంది. ఏడిస్తే మీరు మంచినీళ్ళిస్తారు, తాగితే కోపం చల్లారిపోతుంది. నాకు చల్లారడం ఇష్టం లేదు.

మీరు హెడ్డు కదా, ముందు ఇది చెప్పండి. మందుల కోర్సు చదివే పిల్లకి ఈ రచన కోర్సు ఎందుకండీ? ఏ మాత్ర ఎవరికి ఎంతివ్వాలో తెలిస్తే చాలదూ? చాలదట! ఇది పాసైతేనే డిగ్రీ చేతికిస్తారట! సరే, రూలన్నారు, చేరాం. "మీ ఇంట్లో జరిగిన సంఘటన ఒకటి రాయండి" అన్నారు రచన సారు. అదీ సరే. అక్కడితో ఊరుకున్నారా? రాసేముందు ఇద్దరిద్దరూ కూర్చుని ఒకరికొకరు చెప్పుకోవాలట. దానికీ మార్కులున్నాయి మరి!

నా పక్కన ఎవర్ని కూర్చోబెట్టారూ? కవిగారిని. అదేనండీ, క్లాసంతా వాణ్ణి అలాగే పిలుస్తుంది. నోరు తెరిస్తే తేనె కారుతుంది.

చెప్పాను. ఇంటి సంగతి గడప దాటనివ్వని దాన్ని, మార్కుల కోసం చెప్పాను.

మా నాన్న కూరగాయల మార్కెట్లో వేలం పాడిస్తాడు. పాడించేవాడు. ఆయనకి మైకు ఇస్తే నవ్వేవాడు. ఆ చివర లారీ దిగేవాడికి కూడా వినపడేది ఆయన గొంతు. అలాంటి గొంతులో పుండు లేచింది. కోసి తీసెయ్యాలి, ఇంక మాట రాదు అన్నారు డాక్టర్లు.

ఆపరేషన్ రేపనగా, సాయంత్రం నాన్న స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. కుళాయి మొత్తం తిప్పేశాడు, మాకు వినపడకూడదని. లోపల వేలం పాడించుకున్నాడు మేడమ్! ఒక్కడే! "నిగనిగలాడే ఉల్లిపాయలండీ, బస్తా ఎంతకి పాడతారు... ఒకటోసారి... రెండోసారి..." మూడోసారి అనేవాడు కాదు. మళ్ళీ మొదటికొచ్చేవాడు. కొనేవాళ్ళు లేరుగా.

మేమేం చేశామంటారా? అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నాన్న తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇవాళ నీళ్ళు బాగా వస్తున్నాయే" అన్నాడు. అమ్మ "ఊఁ" అంది. అంతే.

అది విని కవిగారు ఏడ్చాడు. నాకు రుమాలిచ్చాడు కూడా! "ఇది నువ్వు రాసి తీరాలి" అన్నాడు.

ఈలోగా నాన్నకి జ్వరమొచ్చి మళ్ళీ ఆసుపత్రిలో పెట్టారు. నేను గడువు అడిగాను. వచ్చేసరికి ఏముంది? కవిగారు రాసిచ్చేశాడు, సారు క్లాసులో చదివి వినిపించేశారు, కాలేజీ పత్రికలో అచ్చు కూడా అయిపోయింది. ఆ తర్వాత నాది చేరింది. అదే గది, అదే కుళాయి, అవే ఉల్లిపాయలు. ఎర్రసిరాతో సున్నా.

వాళ్ళ నాన్న పళ్ళ డాక్టరు మేడమ్! గొంతు నిక్షేపంగా ఉంది! ఆ మాటే సారుతో అన్నాను. ఏమన్నారో తెలుసా? "అందుకేనమ్మా అతనిది గొప్ప ఊహ" అన్నారు. బాగుంది! వాడు రాస్తే ఊహ, నేను రాస్తే కాపీ!

ఏంటీ? నన్ను నమ్ముతున్నారా?

ఎవరికి ఫోను? మా అమ్మకా? ఆ రోజు ఏం జరిగిందో అడిగి, వాడి పేరు కొట్టేసి, నాది వచ్చే సంచికలో వేయిస్తారా?

వద్దు. పెట్టేయండి మేడమ్, ఫోను పెట్టేయండి. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది.

నిన్న ఒళ్ళు మండిపోయి, ఆ పత్రిక తీసుకెళ్ళి ఇంట్లో బల్ల మీద విసిరికొట్టాను. బట్టలు మార్చుకుని వచ్చేసరికి నాన్న చదువుతున్నాడు. వాడు చివర మార్చాడండీ. వాడి కథలో అమ్మ ఊరుకోదు. స్నానాల గది తలుపు దగ్గరికొచ్చి, బయటినుంచి కొనేదానిలా వేలం పాట పాడుతుంది. లోపల ఆయన ధర పెంచుతాడు, బయట ఈవిడ ఇంకా పెంచుతుంది. చివరికి ఆయన "మూడోసారి" అంటాడు.

నాన్న రెండుసార్లు చదివాడు. పలక తీసుకుని "ఎవరీ అబ్బాయి?" అని రాశాడు. నా క్లాసువాడు, నేనే చెప్పాను అన్నాను. చెరిపేశాడు. ఈసారి రాసి పలక అమ్మ వైపు తిప్పాడు. "నువ్వు నిజంగా పాడావా? నీళ్ళ చప్పుడులో నాకు వినపడలేదా?"

అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు మేడమ్. "పాడక? గొంతు చించుకుని పాడాను. ఆ కుళాయి కట్టేసి ఉంటే కదా మీకు వినపడ్డానికి!" అంది. పైపెచ్చు ఆయన్నే దెబ్బలాడింది!

నాన్న నవ్వాడు. శబ్దం రాదుగా, భుజాలు ఊగాయంతే. ఆపరేషన్ అయ్యాక నవ్వడం అదే మొదలు. ఇవాళ పొద్దున ఆ పత్రిక చంకలో పెట్టుకుని మార్కెట్టుకి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆసుపత్రికి తప్ప గుమ్మం దాటని మనిషి!

ఇప్పుడు మీరు నాది అచ్చు వేస్తారు. నా దాంట్లో ఏముంది? అమ్మ అటు తిరిగి నిలబడింది, నేను పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. నిజమే. నిజం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టమంటారా?

వాడు దొంగ. పదిమందిలో నిలబెట్టి అనమన్నా అంటాను. కానీ మేడమ్, అమ్మ తలుపు దగ్గరికి వెళ్తే బాగుండునని ఆ దొంగకి తట్టింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు, ఆ రోజు తట్టలేదు, రాసేటప్పుడూ తట్టలేదు. అందుకే మంట. సున్నా వచ్చినందుకు కాదు.

విచారణ వద్దు. ఇంటికి ఫోనూ వద్దు. కాపీ కొట్టినవాళ్ళు కోర్సు మళ్ళీ చదవాలి, అంతేగా మీ రూలు? చదువుతాను. వచ్చే ఏడు వచ్చి అదే సారు ముందు కూర్చుంటాను. ఈసారి నా పక్కన ఎవర్ని కూర్చోబెట్టినా పంటినొప్పి గురించి చెప్తాను.

అలా చూడకండి. రాసుకోండి. ఔను మేడమ్, కాపీ కొట్టాను. కవిగారి కథ చూసి కొట్టాను. మా నాన్న గొంతు నిక్షేపంగా ఉంది. చాలా?

సంతకం ఎక్కడ పెట్టమంటారు?