నలభై ఒకటో గౌను

నేను నాలుగో తరగతి రెండుసార్లు చదివిన. ఐదో తరగతి గది కురుస్తుండె, అందుకని మా సారు నన్ను నాలుగుల్నే ఉంచిండు. సూసిండ్రా, మొదటి మాటకే కోత పడ్డది. గది కురువలేదు, నేనే పాస్ కాలేదు.

నా పేరు రాజనర్సయ్య. సిరిసిల్ల నేతోళ్ల ఇంట్ల పుట్టిన. అమీర్‌పేటల లేడీస్ హాస్టళ్ల నడుమ సందుల టైలరింగ్ షాపు పెట్టి ఇరవై ఆరేండ్లయింది. తర్వాతి చదువంత కస్టమర్లు మా బల్ల మీద మర్చిపోయిన పేపర్లు, కోచింగ్ పుస్తకాలు చదివి నాకు నేనే నేర్చుకున్న. అందుకె నాకు అన్ని విషయాలు తెలుసు. ఏది ఎంత తెలుసో అది మాత్రం తెల్వదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు బుచ్చవ్వ చాయ్ బండి కాడ కూసున్న. పక్కన జిరాక్స్ షాపు భానుచందర్. ఎదురుంగ స్టూలు మీద మా బిడ్డ నవీన, దాని ఒళ్లె ఫైలు. పంజాగుట్ట అవతల గుట్ట మీద బేతనియ క్రిస్టియన్ యూనివర్సిటీల దానికి ఎం.ఏ. కౌన్సెలింగ్ సీటు వచ్చింది. సాయంత్రం ఐదింటిలోపల తండ్రి పోయి డీన్ ముంగట సంతకం పెట్టాలె. లేకుంటె సీటు వెయిటింగ్ లిస్టుల ఉన్నోళ్లకు పోతది. వాళ్లమ్మ పోయి నాలుగేండ్లాయె, పోయేదుంటె నేనే పోవాలె. నేనేమో పోనంటున్న.

“ఎందుకు పోవు అన్నా?” అన్నడు భానుచందర్. “సర్టిఫికెట్లు మూడు సెట్లు తీసిచ్చిన నేను. నీకు ఒక్క సంతకం పెట్టనీకె బరువైతుందా?”

“సంతకం గురించి కాదు భానూ. ఇన్ని రోజులు ఎవ్వరికీ చెప్పలే. నేను అండ్ల ఒక సెమిస్టర్ పనిచేసిన.”

“ఏం పని? గుండీలు కుట్టినవా?”

“ప్రొఫెసర్.”

బుచ్చవ్వ చాయ్ వడపోస్తున్న చెయ్యి ఆపింది. నవీన నా దిక్కు ఒకసారి చూసి మళ్ల ఫైలు దిక్కు చూసింది. ఇగ నన్నెవరాపుతరు?

“మొదలు చిన్న పనే అవ్వా. స్నాతకోత్సవానికి నల్లగౌన్లు నలభై కుట్టమన్నరు, కుట్టిన. పోయినేడు ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, నువ్వు పోసిన చాయ్ గీ బండి మీదనే మర్చి, మూట భుజానేసుకొని గుట్ట ఎక్కిన. గేటు కాడ ఎవ్వడు లేడు. పంజాగుట్ట చౌరస్తాల హారన్లు ఎట్ల మోగుతయో మీకెరుకే గద, గేటు దాటి ఒక్క అడుగేసిన్నో లేదో మొత్తం బంద్. చెవులల్ల దూది కుక్కినట్టు. చెట్లున్నయి, ఆకు కదులుతలేదు. నా నీడ కోసం చూసిన. కాళ్ల కింద లేదు, పది అడుగుల ముంగట పోతుంది, నాకు తొవ్వ చూపిస్తున్నట్టు.”

“మధ్యాహ్నం నీడ ఎట్ల ముంగట పోతది?” అన్నడు భానుచందర్.

“గదే నేను సుత అడిగిన. జవాబు చెప్పనీకె అక్కడ మనిషి ఉండాలె గద? సరే, వరండల కూసోని మూట విప్పి చూసిన. నలభై ఒకటి ఉన్నయి. నేను కత్తిరించింది నలభై! మా షాపు రివాజు ఎరుకే కద, ప్రతి బట్టకు కొలతల చిట్టీ గుండుసూదితోని గుచ్చి పెడుత. నలభై ఒకటో గౌనుకు సుత చిట్టీ ఉన్నది. రాత నాదే. పేరు లేదు, ఉత్త కొలతలు. భుజం పదహారున్నర, చాతీ ముప్పై ఎనిమిది, ఎడమ భుజం కుడి భుజం కన్న అర ఇంచు కిందికి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇరవై ఆరేండ్లు మిషన్ మీద వంగి వంగి ఎడమ భుజం దిగినోడు గీ అమీర్‌పేట మొత్తంల ఒక్కడే ఉన్నడు.”

“ఎవరు బిడ్డా?” అన్నది బుచ్చవ్వ.

“నేనే అవ్వా.”

బుచ్చవ్వ కొంగు భుజం మీదికి గుంజుకున్నది. మే నెల ఎండల!

“ట్రయల్ చూడకుంట నేను బట్ట ఇయ్య. తొడిగిన. తొడిగినంక విప్పుదామంటె గుండీలు లేవు, కుట్టు లేదు, మెడ కాడ తెరిచిన జాగ లేదు. అంతల్నే ఎనకకెల్లి ‘ఆలస్యమైంది సార్, సెకండియర్ వాళ్ళు ఎదురు చూస్తున్నారు’ అన్నది ఒక మేడం. డీన్ కుసుమకుమారి. గంజి పెట్టిన తెల్ల చీర, అడుగేస్తె చీర చప్పుడు రాదు. గంజి చీర చప్పుడు చెయ్యకుంట నడిచినోళ్లను నేనైతె చూడలే, మీరు చూసిండ్రా?”

ఎవ్వరు చూడలే.

“గది చూపెట్టింది. అరవై కుర్చీలు, అన్నీ ఖాళీ. కుర్చీల మీద దుమ్ము, దుమ్ము మీద ఒక్క వేలిముద్ర లేదు. నా చేతుల హాజరు పట్టీ పెట్టింది. సరే అని ఒకటో నంబర్ పిలిచిన. ‘ప్రెజెంట్ సార్’ అన్నది ఆడపిల్ల గొంతు, మొదటి కుర్చీకెల్లి. రెండు. ‘ప్రెజెంట్ సార్.’ మూడు. కుర్చీ జరిగిన చప్పుడు, నోట్‌బుక్ తెరిచిన చప్పుడు, ఎవరో దగ్గిండ్రు కూడా. మనిషి లేడు. ఇరవై రెండు దాక వచ్చిన. ఇరవై మూడు అన్న. జవాబు లేదు. మళ్ల అన్న. లేదు. అప్పుడు మిగిలిన యాభై తొమ్మిది గొంతులు ఒక్కసారి, మెల్లగ, బతిమాలినట్టు అన్నయి, ‘మీ వెనకాలే నిలబడ్డడు సార్.’”

భానుచందర్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. “నువ్వు ఎనకకు తిరిగినవా?”

“నేనెందుకు తిరుగుత? నా మీద ఎన్ని బాధ్యతలున్నయి! బోర్డు దిక్కు పోయి పాఠం మొదలువెట్టిన.”

“నీకేం పాఠం వస్తది?”

“దైవశాస్త్రం. ఏసు ప్రభువు తొడుక్కున్న అంగీకి కుట్టు లేదట, పైకెల్లి కిందికి ఒక్కటే నేత. అది ఎట్ల నేసిండ్రో చెప్పుడు ఒక్క ప్రొఫెసర్‌తోని కాలేదట. నేను సిరిసిల్లోన్ని! పడుగు రెండు వరసలు కట్టాలె, పేకదారం పట్టుకొని నాడె పైవరసల పోయి కింది వరసల తిరిగి రావాలె, అంచుల కాడ తెగకుంట గొట్టం లెక్క గుడ్డ దిగుతదని బొమ్మ గీసి చెప్పిన. అరవై ఖాళీ కుర్చీలు లేచి నిలబడ్డయి. డీన్ మేడం కండ్లు తుడుసుకున్నది. అక్కడికక్కడే నాకు పిహెచ్‌డి ఇచ్చిండ్రు. తెల్లారి ఇంకోటి.”

ఈ నేత మాట మాత్రం నిజం. మా తాత అట్లనే దిండు గలేబులు నేసేటోడు. కోతల నడుమ ఒక్క నిజం పడితె నాకే వింతగ ఉంటది.

“ఇగ ఆపితె ఆగుతరా? హీబ్రూ చెప్పుమన్నరు. అది కుడికెల్లి ఎడమకు రాస్తరు. నాలుగు రోజులల్ల వచ్చింది. గ్రీకు మూడు రోజులే. చర్చి సంగీతం, సోషల్ వర్క్, కౌన్సెలింగ్, అన్ని కోర్సుల సిలబస్ నేనే రాసిన. పొద్దుగాల చాపెల్ గంట మోగేది. తలుపుకు తాళం, లోపల మూడు వందల మంది పాట. కిటికీల చూస్తె బెంచీల మీద పాటల పుస్తకాలు వాటంతట అవే పేజీలు తిప్పుకుంటున్నయి. నేను నెలలు గడిపిన గాని కిటికీల ఎండ ఉన్న తాననే ఉన్నది, ఒక్క వేలెడు జరగలే. ఆకలి కాలే, గడ్డం పెరగలే. పరీక్షలు పెట్టిన. ఆరు వందల పేపర్లు, అన్నీ తెల్లగ. నేనేం తక్కువోన్నా, ఇస్త్రీపెట్టె తెప్పించి పేపర్ల మీద పెట్టిన. వేడికి అక్షరాలు లేచినయి. ప్రతి పేపర్ల ఒక్కటే ప్రశ్న, నేను ఇయ్యనిది. ‘సార్, ఇరవై మూడోడు లోపలికి ఎందుకు వస్తలేడు?’”

బండి ముంగటికెల్లి కోచింగ్ పిల్లల గుంపు పోయింది. స్టవ్ మీద చాయ్ పొంగి పోయింది, బుచ్చవ్వ చూడలే.

“స్నాతకోత్సవం నాడు నన్నే డిగ్రీలు ఇయ్యమన్నరు. వైస్ చాన్స్‌లర్ కూసున్న కుర్చీ నాకిచ్చి ఆయన నిలబడ్డడు. లైన్ వచ్చింది. నేను కుట్టిన నల్లగౌన్లే, నలభై గావు, నాలుగు వేలు. నడుస్తున్నయి. మెడ ఉన్న కాడ మెడ లేదు, చేతులున్న కాడ చేతులు లేవు, ఉత్త గౌన్లు. చాపెల్ కాడికెల్లి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదికి, సోమాజిగూడ దాటి, లక్డీకాపూల్ దాటి, మాసబ్ ట్యాంక్ దాక లైన్. మెట్రో నడుమల ఆగింది. అండ్ల ఉన్నోళ్లు అద్దాలకు ముఖాలు ఆనిచ్చి చూస్తున్నరు, ఒక్కడు రెప్ప కొడ్తలేడు. ఒక్కొక్క ఖాళీ చేతికి డిగ్రీ ఇచ్చిన. చివరకు ఒక్కటి మిగిలింది, ఇరవై మూడో నంబర్ది. విప్పి చూసిన.”

“ఎవరిది?” అన్నడు భానుచందర్.

“రాజనర్సయ్య అని ఉన్నది. మా నాయన పేరు, మా ఊరు సుత సక్కగ రాసిండ్రు.”

“వద్దు బిడ్డా,” అన్నది బుచ్చవ్వ.

“అప్పుడు డీన్ మేడం చెవుల చెప్పింది, ‘ఈసారికి వెళ్ళండి సార్. ఇంకోసారి గేటు దాటితే మీది పర్మనెంట్ పోస్టు. మీ కుర్చీ మీద దుమ్ము మేమే పరుస్తాం.’ గౌను దానంతట అది జారి కింద పడ్డది. బయటకు ఉరికిన. ఐదు నెలలు పనిచేసి వచ్చిన్నా, ఈడికొచ్చి చూస్తె అదే రోజు, అదే మధ్యాహ్నం. అవ్వ నాకు పోసిన చాయ్ ఇంక పొగలు గక్కుతుంది.”

చెప్పుడైపోయింది. నా చేతుల మీద నాకే రోమాలు లేచినయి. అబద్ధమని నాకొక్కనికే ఎరుక, అయినా లేచినయి.

భానుచందర్ నవీన దిక్కు తిరిగిండు. “చెల్లె, నేనైతె పోవద్దనే అంట. సీటుదేమున్నది, వచ్చే ఏడు ఇంకో తాన వస్తది. మనిషి ముఖ్యం గద.”

“అవును బిడ్డా,” అన్నది బుచ్చవ్వ. “నాయనను గా గుట్ట మీదికి పంపకు.”

గెలిచిన. నా బతుకుల ఏ కోతకు ఇంత మంచి గిరాకీ దొరకలే. కాని నవీన ఏడుస్తదనో, అరుస్తదనో అనుకున్న, అది ఫైలు దారం ముడి విప్పుతుంది.

“నాన్నా,” అన్నది. “సోమవారం నన్ను ఇంటర్వ్యూకు తోల్కపోయింది ఎవరు?”

“నేనే.”

“గేటు దాక. మూడు గంటలు ఎండల నిలబడ్డవ్. లోపలికొచ్చి కూసోమని వాచ్‌మన్ రెండుసార్లు పిలిచిండు, రాలే. గోడ అవతల క్లాసుల హాజరు పిలుస్తుంటె విన్నవ్, గేటు కాడికెల్లి మనుషులు కనవడరు, గంతే. గౌన్లు మనం ఎన్నడు కుట్టలే, వాళ్లకు ఢిల్లీకెల్లి వస్తయి. అవునా?”

నేను చాయ్ గ్లాసుల చూసిన. అండ్ల చాయ్ లేదు.

“కుసుమకుమారి మేడం గేటు కాడికొచ్చి, ‘మీరు ఎవరి తాలూకు అండీ’ అని అడిగింది. నువ్వేమన్నవ్?”

“ఏమన్నడు?” అన్నడు భానుచందర్.

“‘ఆటో డ్రైవర్ను మేడం, పిల్లను దింపిన’ అన్నడు.”

బుచ్చవ్వ నా గ్లాసు తీసుకొని మళ్ల చాయ్ పోసింది.

“నీకు ఆటో సుత వస్తదా అన్నా?” అన్నడు భానుచందర్. నవ్వుదామనే అన్నడు, నడుమల ఆగిపోయిండు.

ఏం చెప్పాలె? ఆ మేడం ఇంగ్లీషుల మాట్లాడుకుంట వచ్చింది, ఎనక ఇద్దరు ప్రొఫెసర్లు. నా అంగీ జేబుకు సుద్దగీత ఉన్నది. గీ ముసలోడా నీ తండ్రి అని మా పిల్లను తక్కువ చూస్తరని నోటికి ఏది వస్తె అది అన్న. ఇప్పుడు పోయి ఫారంల తండ్రి అన్న కాడ సంతకం పెడితె, ఆటో ఎవరికి అప్పజెప్పి వచ్చినవయ్యా అని అడగదా?

“మేడంకు గప్పుడే చెప్పిన నేను,” అన్నది నవీన, నా లోపలి మాట విన్నట్టు. “ఆయన మా నాన్న అని.”

“ఏమన్నది?” అన్న నేను.

“నవ్వలే. ఫారంల తండ్రి ఏం చేస్తడన్న కాడ ఖాళీ ఉంచిన నేను. అది ఆయనతోనే రాయించుకొని రా అన్నది. తెలుగుల రాసినా సరే అన్నది.”

ఫారం తీసి బండి మీద పరిచింది. బుచ్చవ్వ చక్కెర డబ్బా జరిపి జాగ ఇచ్చింది. భానుచందర్ పెన్ను ఇచ్చిండు. ఆ ఖాళీల ఒక్కటే మాట పడుతది. ఒక్క మాటల నేనేం కోతలు కోసుడు? ‘టైలర్’ అని రాసిన. రాసినంక పెన్ను వెంటనే ఇయ్యబుద్ధి కాలే, ఇంకేమన్న కలుపుదామా అని చూసిన. జాగ లేదు.

నవీన ఫోన్‌ల టైం చూసింది. “మూడున్నర దాటింది. ఆటో మాట్లాడనా నాన్నా?” అన్నది, ముఖంల నవ్వు కనవడకుంట.

“వద్దు బిడ్డా,” అన్న. “నడుద్దాం.”