గా హాలు మంచిగున్నదని నేనే అన్న

"అవ్వా, మా కంపెనీ కొత్తగ తెచ్చిన సామాను పేపరోళ్లకు, టీవీవోళ్లకు చూపిస్తరట. సిటీల హాలు చూసే పని నా మీద పెట్టిండ్రు. నాలుగు జాగాలు తిరిగిన, ఏదీ తెగుతలేదు. నువ్వు గూడ ఒకపారి తాతతోని గిట్ల హాళ్లు చూడనీకె పోయినవట కద. అమ్మ చెప్పింది."

పోయిన బిడ్డా, నిజమే. మీ అమ్మకు సగమే ఎరుక. జర గా ఫ్యాను తగ్గియ్యి, దాని సప్పుడుకు నా మాట నాకే ఇనొస్తలేదు. ఆఁ, గట్ల. కూసో.

ఎప్పుడంటే... తెలంగాణ వచ్చినంక రెండేండ్లకో ఏమో. కాదు కాదు, నిన్ను నల్గొండల కాలేజీల చేర్పిచ్చిన యేడు. కరోనకు ముందు. అప్పటికే మన వాడల సగం మగ్గాలు బందువడ్డయి. మా మరిది గూడ మగ్గం ఇప్పి అటుక మీద పడేసి, సూర్యాపేటల బట్టల దుకాణంల పనికి కుదిరిండు. కట్టెలు చెదలు పడ్తయిరా అంటె, పడనియ్యి వదినా అన్నడు. మీ తాతనే మొండోడు. "నాకు వేరే పని రాదే అండాలూ" అనేటోడు. రాక కాదు, ఇష్టం లేక.

తాత చేతి పని నువ్వు చూసినవో లేదో. చిటికి కట్టుడంటె ఎరికే కద, దారాలకు ముడులు కట్టి రంగుల ముంచుతె ముడి ఉన్నకాడ రంగు పట్టదు, గట్ల వస్తయి పువ్వులు. ఆయన కట్టిన పువ్వుకు అంచు చెదిరేది కాదు. మీ అమ్మ చిన్నగున్నప్పుడు నూలు గింత పిరం లేకుండె. ఒక్క చీర పోతె ఇంట్లకు బియ్యం, నూనె, మీ అమ్మకు రేవడీలు, అన్ని వచ్చేటియి. ఇప్పుడు నూలు కొననీకె పోతె... సరే తియ్యి, యాడికో పోతున్న.

గప్పుడు హైద్రాబాద్ నుంచి ఒక కంపెనీ దిగింది. పేరెందుకు లే. మన నేత చీరలు ఫోన్లల్ల అమ్ముతరట. సారు ఒకాయన, ఆయన కింద స్వప్న అని ఒక మేడం. మేడమంటె ఏమున్నది, నీకంటె పదేండ్లు పెద్దదేమో. మంచి పిల్ల. మన ఇంటికొస్తె చెప్పులు బయటిడిచి మగ్గం పక్కన కిందనే కూసునేది. తాతను పెద్దనాయినా అనేది, నన్ను పెద్దమ్మా అనేది. మన వాడల పది పన్నెండు ఇండ్లోళ్లతోని నేయిచ్చిండ్రు. ఇగ అమ్ముడు మొదలువెట్టేముందు పేపరోళ్లను పిలిచి పెద్దగ చెయ్యాలె, నేసేటోళ్ల దిక్కు నుంచి తాతను ముందర కూసోవెడ్తమన్నరు.

మీ తాత ఏమన్నడంటె, "ఊకె కూసోని నేనేం చెయ్యాలె తల్లీ? నేసి చూపిస్త. వాళ్లనే గీడికి రమ్మను" అన్నడు.

"వాళ్లు సిటీ దాటి రారు పెద్దనాయినా" అన్నదా పిల్ల. "సిటీలనే జాగా చూద్దాం. మగ్గం యాడ పడ్తదో నాకేమెరుక, నువ్వే వచ్చి చూడు."

గట్ల పోయినం. కారు పంపిండ్రు. నేనెందుకు పోయిన్నంటె తాత దగ్గుకు. అప్పటికే దవాఖానల చూపిచ్చినం. ఊపిరితిత్తులు మంచిగ లేవు, మెట్లెక్కొద్దు, దుమ్ముల ఉండొద్దు అన్నరు. మందు సీస, నీళ్లు, తువ్వాల అన్ని నా సంచిలనే ఉండేటియి. నేను లేకుంట ఆయన ఊరు దాటేది కాదు.

మొదలు ఎల్బీ నగర్ దాటకముందే ఒక ఫంక్షన్ హాల్ చూసినం. పెండ్లిల్లు చేసే హాలు. అది మేడమే వద్దన్నది, గింత దూరం పేపరోళ్లు రారట. ఇగ ఆడికెల్లి పాత సిటీ దిక్కు తోలుకపోయింది. ఒక పాత బంగ్ల. గోడలకు సున్నం రాలిపోయింది, తలుపులు ఏనుగులు పట్టేటంత. లోపల నడుమ ఇంత పెద్ద వాకిలి, మట్టి వాకిలి. మేడం కండ్లు మెరుస్తున్నయి, ఎట్లున్నది పెద్దనాయినా అని.

మీ తాత ఏం చేసిండనుకున్నవు? కింద కూసున్నడు. పుల్ల తీస్కొని మట్టి గెలికిండు. పిడికిట్లకు తీస్కొని నలిపి చూసిండు. "గీడ గుంట తవ్వొచ్చు" అన్నడు. మనది గుంట మగ్గం కద. కాళ్లు గుంటల పెట్టి తొక్కితెనే ఆయనకు చెయ్యాడేది. ఎత్తు మగ్గం మీద ఎన్నడు కూసోలే. "రెండు రోజులు చాలు. మన మగ్గమే తెచ్చి పెడ్త. సగం నేసిన చీర గట్లనే తెస్త. అయినంక గుంట పూడ్చి పోత" అని ఆడ కావలి ఉండే ముసలాయనకు చెప్తున్నడు. ఆయన గూడ ఏం ఫికర్ లేదు అన్నడు. మీ తాత మొఖం గట్ల చూడక ఎన్నేండ్లాయెనో బిడ్డా. పెండ్లికొడుకు తీరు నవ్వుతున్నడు.

కని చెప్తె నువ్వు నమ్మాలె, ఎండాకాలం. వాకిట్ల నీడ లేదు. లోపలికి రావాల్నంటె పదిహేను మెట్లు, మల్ల దిగుడు. ఎక్కేటప్పుడు మూడుపార్లు ఆగిండు, గోడ పట్టుకున్నడు. నేను చూసిన. ఇంగొకటి, ఆడ ఆడోళ్లకు పాయిఖాన లేదు. నాకేమో షుగరు. పొద్దుగాల్ల ఇంటికాడ పోయినదాన్ని, పగటాల్ల దాక ఆపుకొని ఉన్న. ఎవలకు చెప్పుకోవాలె? అరికాళ్లు మండుతున్నయి. ఆయన మట్టి చూసుకుంట మురుస్తుంటె, నాకు లోపల్లోపల కోపం. ఎప్పుడు బయట పడ్తమా అని.

ఇగ మూడోది హోటలు. పెద్ద హోటలు. దర్వాజ తెరువంగనే సల్లగాలి కొట్టింది. మీ తాత సోఫాల కూసొని, "నాకు చాతనైతలేదు, మీరు చూసి రాండ్రి. ఎట్లన్న బంగ్లనే కద" అన్నడు. అనుకుంటనే కునుకు తీసిండు. అలిసిపోయిండు పాపం. నేను మొదలు పాయిఖానకు పోయిన. తెల్లటి బండలు, గోడకంత అద్దం, చేతులు తుడుసుకోనీకె మెత్తటి తువ్వాలలు. మొఖం కడుక్కొని అద్దంల చూసుకుంట ఎంతసేపు నిలవడ్డనో. మేడం వచ్చి పిలిచేదాక రాలే.

లిఫ్టుల నాలుగో అంతస్తుకు పోయినం. హాలు. కింద పరిచిన దాంట్ల కాళ్లు దిగవడ్తున్నయి. సారు అప్పటికే వచ్చి ఉన్నడు. ఆయనకు హోటలే కావాలె. పేపరోళ్ల కార్లు పెట్టుకోనీకె జాగా ఉన్నది, భోజనం వీళ్లే పెడ్తరు, ఎండల ఎవలు కూసుంటరు అని. మేడం ఇంటలేదు. "మగ్గం సంగతేంది సార్? నాలుగో అంతస్తుల గుంట యాడ తవ్వుతం?" అన్నది. "ఎత్తు మగ్గం కిరాయికి తెద్దాం" అన్నడు. ఇద్దరు చానసేపు గుంజుకున్నరు.

గప్పుడు సారు నా దిక్కు తిరిగిండు. "అమ్మా, నువ్వు చెప్పు. పెద్దాయనకు ఏది మంచిగుంటది? నువ్వు ఏదంటె గదే చేద్దాం."

నన్ను గట్ల అడిగినోడు నా బతుకుల లేడు బిడ్డా. మా నాయిన అడగలే, మీ తాత అడగలే. ఏ రంగుల ముంచుదామని గూడ అడగలే. నేను "గీ హాలే మంచిగున్నది సార్" అన్న. "ఆయన మెట్లెక్కలేడు, ఎండకు తట్టుకోడు" అన్న.

అది అబద్ధం కాదు. కని గదొక్కటే నిజం కాదు. సల్లగున్నది, కాళ్ల మంట తగ్గింది. మల్ల గా బంగ్లకు వచ్చి, రెండు మూడు రోజులు గా ఎండల, గా ఇబ్బందిల ఉండాల్నంటె నా పాణం ఒప్పలే. నా సుఖం గూడ అండ్ల ఉండె. మేడం నా దిక్కు చూసింది. చేతులున్న పుస్తకం మూసింది.

కిందికి దిగంగనే తాత లేసి, "ఏమాయె?" అన్నడు. నేనేమన్ననో చెప్పనా? "ఏమో, కంపెనోళ్ల ఇష్టం. గీ హోటలే అంటున్నరు" అన్న. ఆయన దారి పొడుగుత కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు. చౌటుప్పల్ కాడ చాయ్ తాగుదామంటె గూడ వద్దన్నడు.

ఆ రోజు వచ్చింది. తెల్లధోతి కట్టించి, కంపెనీ కండువ కప్పిండ్రు. మగ్గం తెచ్చిండ్రు, వార్నీషు పూసింది. పడుగు ఎవలు ఎక్కిచ్చిండ్రో, దారాలు వదులు వదులుగ ఏలాడుతున్నయి. మీ తాత కూసుంటె కాళ్లు సరిగ ఆనుతలేవు. ఒక ఫొటోలు తీసేటాయన వచ్చి, "నేసినట్టు చెయ్యి తాతా, చాలు" అన్నడు. "నేసినట్టు చేసుడు నాకు రాదు నాయినా" అన్నడు మీ తాత. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని గట్లనే కూసున్నడు. మీది నుంచి సల్లగాలి సీద ఆయన మీదికే కొడ్తున్నది. దగ్గు అందుకున్నది. నేను గాలి బందు చెయ్యమని ఒక పిల్లగానికి చెప్తె, అందరికి ఒకటే మిషనమ్మా అన్నడు.

గంతల సినిమల చేసే పిల్ల ఒకామె వచ్చింది. ఇగ కెమెరాలన్ని ఆమె ఎంబడే. ఒక్క పేపరు పిల్ల మాత్రం మా తానకు వచ్చి, "ఒక్క చీరకు ఎన్ని రోజులు పడ్తది తాతా?" అని అడిగింది. మీ తాత మొఖం జర తేటవడ్డది. "చీరంటె అమ్మా, మొదలు నూలు తడపాలె, ఆరవెట్టాలె..." అని మొదలువెట్టిండు. దగ్గొచ్చింది. నీళ్లు తాగిచ్చిన. తాగి తలెత్తేవరకు భోజనాలన్నరు, ఆ పిల్లను ఎవలో పిలిస్తె పోయింది. మీ తాత చెంబు పట్టుకొని చూసిండు. మల్ల నా దిక్కు తిరిగి, మిగిలింది నాకు చెప్పిండు. ఎన్ని ముడులు కడ్తమో, ఎన్ని రంగుల ముంచుతమో. నాకు తెల్వనిదా? పెండ్లయినకాడికెల్లి ఆయన మగ్గానికి దారం కండెలు సుట్టిచ్చినదాన్ని. అయినా, ఊఁ... ఊఁ... అనుకుంట ఇన్న. ఇనకుంటె ఇంకెవలింటరు?

తెల్లారి పేపర్ల సినిమ పిల్ల పడ్డది, సారు పడ్డడు. మూలకు మీ తాత మోచెయ్యి పడ్డది. గంతే.

ఆ కంపెనీ గూడ ఎక్కువ రోజులు నడువలే. అది వేరే సంగతి. మీ తాత దగ్గు గా యేడు తగ్గనే లే. హోటలు గాలికే గట్లయిందని నేననను, డాక్టరు గూడ అనలే, ఎప్పటిదో రోగం అది. దసర పోయినంక ఆయన పోయిండు. నువ్వు పరీక్షలని రాలేదు, యాదికున్నదా? ఏం ఫికర్ చేయకు, తాత ఏమనుకోడు.

పదకొండో దినం నాడు స్వప్న మేడం వచ్చింది. కంపెనీ ఇడిచిపెట్టిన అన్నది. నా పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నది. "పెద్దమ్మా, నీకొక మాట చెప్పాలె. మనం హోటలు చూసొచ్చిన తెల్లారి పెద్దనాయిన నాకు ఫోన్ చేసిండు" అన్నది. నేను నల్లకాడికి పోయినప్పుడు చేసినట్టున్నడు. బంగ్ల ఇంకా దొరుకుతదా తల్లీ, గుంట నేనే తవ్వుకుంట, మీకేం పని పెట్ట, సారుతోని నేను మాట్లాడ్త అన్నడట. దానికి ఈమె, సారుదేం లేదు పెద్దనాయినా, పెద్దమ్మనే హోటలు మంచిగున్నదన్నది, నీకు మెట్లు చాతగావన్నది అని చెప్పిందట.

మల్ల, "అండాలు అన్నదా? అయితె గట్లనే కానియ్యి తల్లీ. ఆమెకు గూడ ఎండ పడదు" అని పెట్టేసిండట.

అంటె ఎరుకే బిడ్డా. తెల్లారి నుంచే ఆయనకెరుక. హోటల్ల గా మగ్గం మీద కూసున్నప్పుడు ఎరుక. నాకు రంగులు, ముడులు చెప్పుకుంట ఉన్నప్పుడు ఎరుక. ఐదు నెలలు నా చేతి బువ్వ తిన్నడు, నడుమల ఒకపారి యాదగిరిగుట్టకు పోయినం, నాకు గాజులు ఇప్పిచ్చిండు. ఒక్క మాట అనలే. "ఎందుకన్నవే గట్ల" అని కోపం చేస్తె, నేను గూడ నోరు తెరిచి, నా కాళ్లు మండినయి, ఆపుకోలేక సచ్చిన అని కొట్లాడుదును. ఇద్దరం రెండు రోజులు మాట్లాడకపోదుము. గంతటితోని అయిపోతుండె. ఇప్పుడు ఎవలికి చెప్పాలె? మీ అమ్మకు చెప్పలే. నీకే చెప్తున్న.

ఏడ్వకు, పిచ్చిదానా. నీకు చెప్పాలని కాదు, నువ్వడిగినవని వచ్చింది నోట్లకు. హాలు సంగతి నన్నడిగితె నేనేం చెప్త? నాకు చెప్పే మొఖం లేదు. మీ సామాను తయారు చేసేటోళ్లను అడుగు, వాళ్లు చెప్తరు.

దేవుడు సల్లగ చూడాలె బిడ్డా నిన్ను. మంచి ఇల్లు దొరకాలె. నీకు దొరికేటోడు ఎట్లున్నా మంచిదే గని, కోపమొస్తె మొఖం మీద తిట్టేటోడు కావాలె. లోపల పెట్టుకొని నవ్వేటోడు వద్దు. గట్లాంటోడు పోయినంక... ఆఁ... ఇగ లే. రాత్రికి ఏం వండమంటవు? జొన్నరొట్టె తింటవా, అన్నమే పెట్టాల్నా...