రేవులో వీడియో

మచిలీపట్నంలో కంప్యూటర్ సెంటర్ మూసే వేళకు సుమతి వచ్చి బెన్నీ సారు ఎదుట కూర్చుంది.

"డబ్బు పెట్టకుండా సాఫ్ట్‌వేర్ రాయాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలండీ?"

"పైథాన్ చాలమ్మా, పూర్తిగా ఉచితం. ఫోన్ కోసమా?"

"కాదండీ, ఇంట్లో పాత కంప్యూటరుంది. నాన్నకి చేతులు వణుకుతాయి. ఫోన్ మీద వేలు నిలవదు, కీబోర్డయితే నొక్కగలడు. నొక్కితే మాట వినపడాలి."

"ఆయన మాట్లాడలేరా?"

"గొంతులో కేన్సరండీ. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. గిలకలదిండి రేవులో చేపలు వేలం వేసేవాడు."

"కంప్యూటర్ గొంతు పెట్టొచ్చమ్మా. అదీ ఉచితమే."

"వినిపించానండీ. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆయన గొంతే కావాలి."

"రికార్డింగులున్నాయా?"

"రేవులో ఎవరో తీసిన వీడియో ఒక్కటేనండీ."

"అందులో ఏం మాటలున్నాయి?"

"చందువ, వంజరం అని చేపల పేర్లు, ఒకటోసారి, రెండోసారి. అంతా వేలమే."

"అన్నం, మంచినీళ్ళు? అమ్మగారి పేరు?"

"లేవండీ. పొద్దున రేవుకి గొంతు మిగలాలని ఇంట్లో అన్నిటికీ సైగలే చేసేవాడు."

సారు కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"మరి మిమ్మల్ని పిలవాలంటే ఏ మాట పెడతావమ్మా?"

సుమతి ఫోన్‌లో వీడియో చివరికి జరిపింది. జనం గోలలోంచి ఒక బొంగురు గొంతు అడిగింది.

"ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఇది పెడతానండీ. మొన్న ఇది వినబడగానే, ఆపరేషన్ సంగతే మర్చిపోయి, వంటింట్లోంచి అమ్మ 'ఆఁ, వస్తున్నా' అంది."