నాది అని అరిచి వదిలేసినా పరవాలేదు

(ఒక ప్రాథమిక పాఠశాల ఆటల టీచరు తన పదవీ విరమణ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద నా పక్కనే కూర్చుని, నేను ఎక్కడ విజిలు ఊదుతానోనని ఇందాకటి నుంచి నా చేతి సంచీ వైపే అనుమానంగా చూస్తున్న సభాధ్యక్షురాలు హెడ్మిస్ట్రెస్ గారికి, పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, పిల్లల అమ్మానాన్నలకు, నాతోపాటు ఇదే బడిలో జుట్టు నెరిసిన తోటి ఉపాధ్యాయులకు, ముందు వరసలో అప్పుడే ఒకరినొకరు గిల్లుకోవడం మొదలుపెట్టిన నా పిల్లలకు, అందరికీ నమస్కారం. నాకు ఈ మైకు ఎందుకు పెట్టారో తెలియదు. నా గొంతు వీధి మలుపు దాకా వినపడుతుందని మా పక్కింటివాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. (నవ్వులు) అదిగో, వెనక వరసలో మా ఆయన తల ఊపుతున్నారు చూడండి.

ఇందాక మాట్లాడినవాళ్ళందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. క్రమశిక్షణకు మారుపేరన్నారు, ఓర్పుకు నిలువెత్తు రూపమన్నారు. ఓర్పు అనగానే నేను కూడా ఎవరా అని అటూ ఇటూ చూశాను. (నవ్వులు) మంచి మాటలు చెప్పినందుకు సంతోషం. కానీ నా మనసులో ఒకటి గుచ్చుకుంటోంది, అది చెప్పకుండా ఈ పూలగుత్తి పట్టుకుని ఇంటికి వెళ్తే నాకు అన్నం సహించదు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి, వాలీబాల్ గురించి చెబుతాను.

అయిదో తరగతి పిల్లలతో వాలీబాల్ టోర్నమెంటు ఆడిస్తానంటే ఆట తెలిసినవాళ్ళు నవ్వుతారు. బంతి మీదకొస్తే కళ్ళు మూసుకునే వయసు వాళ్ళది. అందుకే నెట్టు బదులు బట్టలారేసే తాడు కట్టి, గాలి తగ్గించిన మెత్తటి బంతి ఇచ్చి, జట్టుకు నలుగురిని నిలబెట్టి, కొట్టడం రానివాళ్ళు పట్టుకుని విసిరినా ఒప్పే అన్నాను. సర్వీసు తాడు దాటకపోతే నాలుగడుగులు ముందుకొచ్చి మళ్ళీ వెయ్యొచ్చు. అంతా ఒక్క పీరియడ్‌లో ముగియాలి, పైగా ఓడినవాళ్ళు పక్కన కూర్చుని మట్టి గీసుకోవడం నాకిష్టం ఉండదు. అందుకని మైదానంలో వరసగా చిన్న చిన్న కోర్టులు గీశాను, నేను విజిలు ఊదగానే గెలిచినవాళ్ళు ఒక కోర్టు పైకి, ఓడినవాళ్ళు ఒక కోర్టు కిందకి జరుగుతారు, బెల్లు కొట్టేదాకా అందరూ ఆడుతూనే ఉంటారు. ఇదంతా చూసి మన లెక్కల మాస్టారు, "మేడమ్, ఇది వాలీబాలా, సంతా?" అని అడిగారు. ఆయన క్లాసు కిటికీ మైదానం వైపే ఉంటుంది. గోల భరించలేక కిటికీ మూయడానికి వచ్చేవారు, వచ్చి మూయకుండా ఆట అయ్యేదాకా అక్కడే నిలబడేవారు. (నవ్వులు) నేను చూడలేదనుకున్నారేమో, మాస్టారూ!

మొదటి టోర్నమెంటులో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లలకు ఆట రాక కాదు. బంతి తాడు దాటి, తీరిగ్గా, పాపం పట్టుకోండర్రా అన్నట్టు ఇద్దరి మధ్యకు వచ్చేది. వీడు వాడి వైపు చూసేవాడు, వాడు వీడి వైపు చూసేవాడు, బంతి ఇద్దరి మధ్యా దబ్బున పడేది. ఏరా అంటే, "వాడు తీస్తాడనుకున్నా టీచర్" అని ఒకడు, "అది వాడిది కదా టీచర్" అని ఇంకొకడు. ఇద్దరూ బుద్ధిమంతులే, తప్పు ఎవరిదని తిట్టను?

అప్పుడు పెట్టాను ఆ నియమం. బంతి తీసేవాళ్ళు ముందుగా "నాది!" అని అరవాలి. అరిచాక బంతి చేతిలోంచి జారిపోయిందనుకోండి, పాయింటు పోదు, సర్వీసు మళ్ళీ వేస్తారు. ఎవరూ నోరు మెదపకుండా బంతి కిందపడితేనే పాయింటు పోయినట్టు. లెక్కల మాస్టారు ఆ రోజు కిటికీలోంచే, "మరి ఇలాగైతే స్కోరు ఎప్పటికి తేలుతుంది మేడమ్?" అన్నారు. తేలకపోతే పోనివ్వండి అన్నాను.

పిల్లలకు ఈ మాట అంత తేలిగ్గా రాలేదు. ఇక్కడే ముందు వరసలో ఒక పిల్ల ఉంది, పెద్దచొక్కా అంటారు దాన్ని, వాళ్ళ అక్కల చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడుతుంటాయి కాబట్టి. దానికి పరుగుంది, చెయ్యి వాటం ఉంది, నాది అనడం మాత్రం రాదు. పెదవులు కదులుతాయి, గొంతు పెగలదు. "ఏమే, అంటే నోరు అరిగిపోతుందా?" అని అడిగితే, "మా ఇంట్లో అన్నీ అక్కలవే టీచర్" అంది. ఆ మాట వినగానే నేను విజిలు ఊదేశాను. అది ఈ ఏడాదంతా పెదవులు కదుపుతూనే ఆడింది. మొన్న, నా ఆఖరి టోర్నమెంటులో, బంతి గాల్లోకి లేవగానే మైదానం అదిరిపోయేలా "నాది!" అని అరిచింది. తీరా చూస్తే ఆ బంతి దానిది కాదు, పక్క కోర్టుది! (నవ్వులు) నుదుటికి తగిలింది కూడా. అయినా నవ్వుతూ నిలబడింది. మర్నాడు వాళ్ళ అమ్మ వచ్చి, "ఏం నేర్పారు టీచర్, ఇంట్లో దువ్వెన దగ్గర్నుంచి కిటికీ పక్క సీటు దాకా అన్నీ నాది నాది అంటూ ప్రాణాలు తోడేస్తోంది" అంది. క్షమించమ్మా, నేను నేర్పిందే అది.

ఇప్పుడు నన్ను గుచ్చుకుంటున్న విషయానికి వస్తాను. నా స్థానంలో ఇంకొకరిని ఇప్పట్లో ఇవ్వలేమని పైవాళ్ళు చెప్పారట. అందులో హెడ్మిస్ట్రెస్ గారి తప్పేమీ లేదు, ఆవిడ తిరగని ఆఫీసు లేదు. పోయిన వారం స్టాఫ్ రూమ్‌లో ఆవిడ, "మరి ఆటల పీరియడ్ ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు. సైన్సు మేడమ్ ఇంగ్లీషు మేడమ్ వైపు చూశారు. ఇంగ్లీషు మేడమ్ ఫ్యాను వైపు చూశారు. "ఎవరో ఒకరు చూసుకుంటారులెండి" అని ఎవరో అన్నారు, తర్వాత టీ వచ్చింది. అంతే.

నాకు చాలా కోపం వచ్చింది. పెద్ద వయసులో బాధపడటం మర్యాదగా ఉంటుందని బాధ అంటారు గానీ, నాది కోపమే. ఆ పీరియడ్‌కి మనిషి లేకపోతే నాలుగు వారాలు తిరక్కుండా అందులోకి పాఠం దూరుతుంది, పిల్లలు మళ్ళీ బెంచీల మీదే కూర్చుంటారు, నాది అని అరవడానికి వాళ్ళకు చోటే ఉండదు. మీరంతా నాకు కావలసినవాళ్ళే, నా కష్టసుఖాల్లో నిలబడ్డవాళ్ళే. అందుకే మీ మొహం మీదే చెబుతున్నాను.

(సంచీలోంచి బంతి తీసి) హెడ్మిస్ట్రెస్ గారూ, మీ అనుమానం నిజమే, సంచీలో విజిలు కూడా ఉంది. నియమం అందరూ విన్నారుగా. టీచర్లూ, సిద్ధమా? (బంతి ఎగరేశారు)

అయ్యో రామ! మళ్ళీ ఇద్దరి మధ్యే పడింది! (నవ్వులు) సైన్సు మేడమ్, మీరు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు, నేను చూశాను. పాయింటు పోయింది. బంతి ఇటు ఇవ్వరా నాన్నా. ఇంకొకసారి.

(బంతి ఎగరేశారు. పిల్లలందరూ "నాది!" అని అరిచారు.)

మీరు కాదర్రా! కూర్చోండి, కూర్చోండి. మీకు వచ్చని నాకు తెలుసు. మళ్ళీ వేస్తున్నాను, ఇదే ఆఖరు.

(బంతి ఎగరేశారు. హాలు మధ్య నుంచి ఒక మగ గొంతు: "నాది!" కుర్చీ పడిన చప్పుడు.)

ఎవరది? లెక్కల మాస్టారా! (చప్పట్లు) లేవండి, నెమ్మదిగా. కళ్ళజోడు ఉందా? బంతి ఏదీ? జారిపోయిందా? మాస్టారూ, అందరి ముందూ అడుగుతున్నాను, ఎక్కాలు చెప్పించడానికి కాదు కదా?

("కాదు మేడమ్. కానీ నాకు ఆట రాదు.")

రాకపోతే మరీ మంచిది. వాళ్ళకీ రాదు. కిటికీ దగ్గర అన్నేళ్ళు నిలబడ్డారు, ఇక మైదానంలోకి రండి. విజిలు మీకే ఇస్తాను, కడిగే ఇస్తాను లెండి. పెద్దచొక్కా, మాస్టారికి తాడు ఎంత ఎత్తులో కట్టాలో నువ్వు చూపించు.

నన్ను ఇన్నాళ్ళు భరించిన బడికి, నా గోల భరించిన పక్కింటివాళ్ళకు, వేళకు తినమని పోరి పోరి విసిగిపోయిన మా ఆయనకు, మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు నాది అన్నారు, బంతి జారిపోయింది, అందరూ చూశారుగా. పాయింటు పోలేదు. సర్వీసు మళ్ళీ వేయండి, నేను వెళ్ళొస్తాను. సెలవు.